ఉప్పెన వచ్చిన సంవత్సరములు
(కృష్ణా, గోదావరి తీర గ్రామముల కథ)

మన అధ్యక్ష ఖండము నూరు సంవత్సరములు నిండిన ఈ సందర్భములో సంఘముల పుట్టుకను గురించి, దేవాలయముల నిర్మాణమును గురించి, పాఠశాలలను, ఆసుపత్రులను, సేవ చేసిన గురువులను, బైబిలు స్త్రీలను గురించి వ్రాసేవారు ఈ సంచికలో చాలామంది ఉన్నారు. మేము సముద్రపు ఒడ్డు గ్రామములవారము. మా ఊళ్ళ చరిత్ర వ్రాయాలని కూర్చుంటే ముందుగా సముద్రమే అడ్డము వస్తుంది. మా పెద్దలకు ఇంగ్లీషు సంవత్సరాలు అంతగా తెలియవు. ఫలానావాడు ఎప్పుడు పుట్టాడంటే "ఉప్పెనకు ముందు ఏడు" అనేవారు. ఫలానా పెండ్లి ఎప్పుడంటే "గాలివాన తరువాత రెండో ఏడు" అనేవారు. అటువంటి లెక్కలు పట్టుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పై ఊళ్ళవారు గాలివానను, ఉప్పెనను ఒకటిగా చెప్పుకుంటారు. మాకు అవి రెండు. గాలివాన వస్తే ఇంటి కప్పు పోతుంది, అరటితోట పడిపోతుంది, వరి నేలకు ఒరుగుతుంది. మనిషి మిగిలితే మళ్ళీ కట్టుకుంటాడు. ఉప్పెన అంటే సముద్రమే లేచి ఊరి మీదికి రావడము. తుపానులలో చనిపోయినవారిలో ఎక్కువమంది గాలికి చనిపోలేదు, నీటికి చనిపోయారు. ఈ తేడా తెలియక ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. గట్టి గోడల ఇల్లు ఉన్నది గదా, గాలికి ఏమవుతుందిలే అని తలుపులు బిగించుకొని లోపల కూర్చున్నవారిని నీరు లోపలనే ముంచింది.

నీరు అంత ఎత్తున ఎందుకు లేస్తుంది? తుపాను నడిమి భాగములో గాలి బరువు తగ్గుతుంది గనుక అక్కడ సముద్రము కొంచెము పొంగుతుంది. అయితే ఆ పొంగు రెండడుగులో, మూడడుగులో, అంతే. అసలు పని చేసేది గాలి. బంగాళాఖాతములో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కాబట్టి తుపాను పడమటి దిక్కుగా వచ్చి తీరము దాటినప్పుడు, దాటిన చోటుకు ఉత్తరపు పక్కన గాలి సముద్రము మీదనుండి నేల మీదికి తోస్తుంది. దక్షిణపు పక్కన నేల మీదనుండి సముద్రములోనికి తోస్తుంది. అందుచేత ఒక ఊరిలో నీరు తాటిచెట్టు నడిమికి వస్తే, తుపానుకు అవతలి పక్కనున్న మరొక ఊరిలో సముద్రము వెనక్కు పోయి బురద తేలుతుంది. మా తీరములో సముద్రము చాలా దూరము వరకు లోతు లేకుండా ఉంటుంది. లోతున్న చోట తోసిన నీరు కిందికి దిగి వెనక్కు పోగలదు. లోతు లేని చోట దానికి పోయే దారి లేదు, పైకే లేవాలి. దానికి తోడు కృష్ణ సముద్రములో కలిసే చోటుకు పడమరగా నిజాంపట్నము వైపు తీరము కొడవలి వలె వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో చిక్కిన నీరు ఇంకా ఎత్తు లేస్తుంది. ఇక నేల సంగతి వేరే చెప్పనక్కరలేదు. నది తెచ్చి పోసిన ఒండ్రు నేల అది. సముద్రపు మట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తు మాత్రమే ఉన్న పొలాలు మైళ్ళ కొద్దీ ఉన్నాయి. ఆ ఒండ్రు వలననే వరి పండుతుంది, ఆ వరి కొరకే జనము అక్కడ చేరారు.

పుస్తకములలో దొరికే పాత ఉప్పెనలలో కోరంగి పేరు ముందు వస్తుంది. గోదావరి పాయ సముద్రములో కలిసే చోట, యానామునకు దగ్గరలో ఉన్న ఈ కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. అక్కడ ఓడలు కట్టేవారు. అక్కడనుండి బర్మా వెళ్ళిన మన తెలుగువారిని ఆ దేశములో "కోరంగీలు" అనేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరము పోయిందో తెలుస్తుంది. 1789 డిసెంబరులో అక్కడికి మూడు అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయని వ్రాసి ఉన్నారు. మొదటిది ఓడలను నేల మీదికి ఎక్కించింది, రెండవది పల్లపు నేలలను నింపింది, మూడవది ఉన్నదంతా తుడిచింది. 20,000 మంది చనిపోయారని ఆ లెక్క. ఆ తరువాత 1839 నవంబరు 25న మరొకటి వచ్చింది. ఈ రెండవ దానికి మూడు లక్షల మంది చనిపోయారని, 20,000 ఓడలు, పడవలు పోయాయని పుస్తకము వెంట పుస్తకములో ఎత్తి వ్రాస్తున్నారు. మేము మాత్రము ఈ అంకెలను నమ్మలేకుండా ఉన్నాము. ఆ కాలములో కోరంగి ఎంత పెద్దదైనా 20,000 ఓడలు నిలిచే చోటు కాదు. లెక్కపెట్టినవారు లేనప్పుడు అంకె పెరుగుతూ పోతుంది. అయినా ఊరు మళ్ళీ కోలుకోలేదన్నది నిజము. ఈనాడు కోరంగి పేరు మడ అడవికి, పక్షులకు, పడవ షికారుకు మిగిలింది.

కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే దొర బంగాళాఖాతపు గాలివానల లెక్కలు సేకరించి, 1848లో నావికుల కొరకు వ్రాసిన పుస్తకములో వాటికి "సైక్లోన్" అని పేరు పెట్టాడు. పాము చుట్ట చుట్టుకొన్నట్లు అనే అర్థము వచ్చే గ్రీకు మాటనుండి తీసిన పేరు అది. ఇప్పుడు లోకమంతా పలికే ఆ మాట వెనుక మన కోరంగివారి చావులు కూడా ఉన్నాయని చాలామందికి తెలియదు.

ఇక బందరు. మన సంఘములవారు ఎక్కువగా తెలుసుకోవలసినది 1864 నవంబరు 1వ తేదీ. ఆ రోజు మంగళవారము. ప్రార్థన క్రమములో సర్వ పరిశుద్ధుల దినము. రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు దొరలు 1841లో బందరు వచ్చి మిషను ప్రారంభించారు. 1843లో నోబుల్ పెట్టిన పాఠశాల అప్పటికి ఇరవై ఏండ్ల పైబడి నడుస్తున్నది. షార్కీ దొర, దొరసానిగారు బాలికల బోర్డింగు నడుపుతున్నారు. ఆ రోజంతా గాలి, వాన. చీకటి పడిన తరువాత గాలి దిక్కు మార్చుకొని సముద్రము వైపునుండి కొట్టసాగింది. రాత్రివేళ, అందరూ తలుపులు వేసుకొని ఉన్న సమయములో, నీరు వచ్చింది. మామూలు పోటు మట్టానికి పదమూడు అడుగుల ఎత్తున వచ్చిందని అప్పటివారు కొలిచారు. తీరము వెంబడి సుమారు 80 మైళ్ళ పొడవున సముద్రము నేల మీదికి ఎక్కింది. లోపలికి, ఎక్కువ దూరము పోయిన చోట, 17 మైళ్ళు పోయింది. మొత్తము మీద ముప్పైవేల మంది చనిపోయారు. షార్కీగారి బోర్డింగులోని బాలికలు పలువురు ఆ రాత్రి నీటిలో పోయారు.

ఆ బాలికలు ఎవరు? ఏ పల్లెలనుండి వచ్చినవారు? తల్లిదండ్రులు నమ్మి బందరుకు పంపిన పిల్లలు. ఆడపిల్లకు అక్షరాలు ఎందుకని ఊరంతా నవ్విన రోజులలో పంపిన పిల్లలు. మన జిల్లాలో స్త్రీ విద్యను గురించి మాట్లాడేటప్పుడు మనము దొరసానుల పేర్లు చెప్పుకుంటాము, మొదట చదివి బయటికి వచ్చినవారి పేర్లు చెప్పుకుంటాము. చదువు మధ్యలో నీటిపాలైన ఈ పిల్లలను ఎన్నడూ చెప్పుకోలేదు. శతవార్షికోత్సవములో వారికి ఒక వాక్యమైనా ఉండాలని మేము ఈ వ్యాసమునకు పూనుకున్నాము.

తెల్లవారిన తరువాత సంగతి ఇంకా కష్టము. మంచినీళ్ళ చెరువులు, నూతులు అన్నీ ఉప్పు అయిపోయాయి. ఎటు చూచినా నీరే, తాగడానికి గుక్కెడు లేదు. బ్రతికినవారిలో దాహముతో, తరువాత రోగముతో పోయినవారు ఉన్నారు. కోతకు దగ్గరపడిన వరి పోయింది. ఉప్పు తిన్న పొలాలు చవుడు బారాయి. ఎన్నో వానలకు ఆ ఉప్పు కడిగితే గాని మళ్ళీ నారు నిలవదు. మరుసటి ఏడు 1865లో బందరు కోటలోని తెల్ల పటాలమును ప్రభుత్వము ఎత్తివేసింది. అదే ఏడు అక్టోబరులో నోబుల్ దొర బందరులోనే కన్ను మూశాడు. ఒకప్పుడు గోలకొండ రాజ్యానికి సముద్రద్వారమై, డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు పోటీపడి కొఠీలు కట్టుకొన్న ఊరు అది. వ్యాపారము అంతకు ముందే తగ్గుతూ వచ్చింది గాని, ఆ రాత్రితో బందరు నడుము విరిగిందని మా అభిప్రాయము.

ఆ ఏడే, దీనికి నెల ముందు అక్టోబరు 5న కలకత్తాను కూడా పెద్ద తుపాను కొట్టింది. రెండూ కలిసి వచ్చిన తరువాతనే సర్కారుకు మెలకువ వచ్చింది. ముందుగా ఓడరేవులలో హెచ్చరిక జెండాలు ఎగురవేసే ఏర్పాట్లు, ఆ తరువాత 1875లో దేశమంతటికీ ఒక వాతావరణ శాఖ ఏర్పడ్డాయి. అయితే ఆ జెండాలు ఓడలకే గాని ఊళ్ళకు కావు. రేవులో జెండా ఎగిరిందని లంక పల్లెలో కూలివానికి ఎవరు చెబుతారు?

ఆ తరువాతి వంద ఏండ్లలో గాలివానలు లేని కాలము లేదు. 1949 అక్టోబరులో బందరు దగ్గర ఒకటి, 1969లో మేలో ఒకటి, నవంబరులో మరొకటి వచ్చాయి. ఒక్కొక్కదానిలో వందల మంది పోయారు. అయినా 1864 వంటిది మళ్ళీ రాలేదు. చూచినవారు పోయారు, విన్నవారు పోయారు, మనుమలు, మునిమనుమలు పల్లములలో పాకలు వేసుకున్నారు. నూరేండ్లు గడిస్తే మనిషి మరచిపోతాడు.

1977 నవంబరు 19, శనివారము. దివిసీమ అంటే పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి, రెండు పాయల నడుమ వదిలిన నేల. మూడవ వైపు సముద్రము. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతమంతా అదే. ఆ నెల రెండవ వారములోనే ఒక తుపాను తమిళనాడులో నాగపట్టణము దగ్గర దాటింది. వెనుకనే ఇది బయలుదేరింది. రేడియోలో హెచ్చరికలు చెప్పారు, అబద్ధమాడరాదు. అయితే మొదట చెప్పిన చోటు దక్షిణపు తీరము. మాకు కాదులే అనుకున్నాము. తుపాను ఉత్తరానికి జరిగి చీరాల దగ్గర తీరము దాటింది. చీరాల దివికి చాలా దూరము. అయితే పైన చెప్పినట్లు, దాటిన చోటుకు ఉత్తరపు పక్కన, వంపు తిరిగిన తీరము మీద దివిసీమ ఉన్నది. తుపాను కన్ను మా మీదుగా పోలేదు, నీరు మాత్రము మా మీదికే వచ్చింది.

మాలో ఒకరు ఆనాడు తొమ్మిదవ తరగతి చదువుతున్న పిల్లవాడు. ఆయన చెప్పిన మాటలే వ్రాస్తున్నాము. పొద్దుటినుండి గాలి ఊపిరి సలపనివ్వలేదు. మధ్యాహ్నానికి పాకల కప్పులు లేచిపోయాయి. జనము పెంకుటిళ్ళలో, బడిలో చేరారు. సాయంకాలమునకు ఒక పెద్ద హోరు వినిపించింది. గాలి హోరు అనుకున్నారు. తాటితోపు అవతల నల్లగా గోడ కనిపించింది, మబ్బు అనుకున్నారు. ఆ తరువాత చెప్పడానికి ఎక్కువ లేదు. బడి కప్పు ఎక్కినవారు మిగిలారు. తుమ్మచెట్లను పట్టుకున్నవారు ఒళ్ళంతా ముళ్ళతో మిగిలారు. తల్లి చేతిలోని బిడ్డ తల్లి చేతిలో మిగలలేదు. ఆయన ఇంటివారు ఏడుగురిలో ముగ్గురు మిగిలారు.

నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది, 15 కిలోమీటర్ల వరకు లోపలికి పోయింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి సముద్రపు ఒడ్డు పల్లెలలో ఇండ్ల గుర్తులు కూడా మిగలలేదు. ప్రభుత్వము లెక్క ప్రకారము చనిపోయినవారు పదివేల వరకు ఉన్నారు. పద్నాలుగు వేలు దాటారని మరికొందరి లెక్క. మేము రెండవదే నిజమునకు దగ్గరగా ఉంటుందనుకుంటాము. కారణము చెబుతాము. అది వరి కోతలు రానున్న కాలము. కోతలకు పై ఊళ్ళనుండి కుటుంబాలతో వచ్చి చేల గట్లమీద గుడిసెలు వేసుకొనేవారు ఉండేవారు. రేషను కార్డు గాని, ఓటు గాని ఆ ఊరిలో లేనివారు. కాలువల వెంట యానాదులు ఉండేవారు. వారిని ఎవరు ఏ పుస్తకములో వ్రాసుకున్నారు?

మరునాడు ఆదివారము. ఆ తీరములో ఎన్నో దేవాలయములలో గంట మ్రోగలేదు. మ్రోగించవలసిన మనిషి లేడు, కొన్నిచోట్ల దేవాలయమే లేదు. దారులన్నీ చెట్లతో, శవాలతో, పశువుల కళేబరాలతో నిండి ఉన్నాయి. మనిషిని గుర్తుపట్టి ఏ మతాచారము ప్రకారము సాగనంపాలో చూచుకొనే వీలు లేదు. హిందువులను, క్రైస్తవులను, మహమ్మదీయులను ఒకే గుంటలో పూడ్చారు, ఒకే చితిమీద కిరసనాయిలు పోసి కాల్చారు. పూడ్చినవారిలో, కాల్చినవారిలో అన్ని సంస్థలవారు, అన్ని పార్టీలవారు, అన్ని మతములవారు ఉన్నారు. ముక్కుకు గుడ్డ కట్టుకొని ఆ పని చేసిన కాలేజీ పిల్లలకు మా ప్రాంతము ఋణపడి ఉన్నది. అవనిగడ్డ శాసనసభ్యులు మండలి వెంకట కృష్ణారావుగారు ఊరూరు తిరిగి చేసిన సేవను ఈనాటికీ చెప్పుకుంటారు. మదర్ తెరీసా వచ్చి చూచి వెళ్ళారు. తరువాత సర్కారు, రామకృష్ణ మిషను, మన సంఘములు కూడా కలిసిన కాసా, ఇంకా అనేక సంస్థలు ఇండ్లు, తుపాను షెల్టర్లు కట్టాయి.

ఆ రోజులలో ఒక మాట చాలా వినిపించింది, ఇది పాపమునకు శిక్ష అని. మన ప్రసంగ వేదికలమీద కూడా కొందరు అన్నారు. చనిపోయినవారిలో ఎక్కువమంది ఎవరో చూచిన మాకు ఆ మాట అప్పుడూ రుచించలేదు, ఇప్పుడూ రుచించదు. మెరకమీద డాబా ఇల్లున్నవాడు మిగిలాడు. పల్లములో పాక వేసుకున్న పల్లెకారివాడు, మాలపల్లెవాడు, మాదిగపల్లెవాడు, యానాదివాడు, పాలేరు పోయారు. పాపము మెరకను చూచి పక్కకు తప్పుకుంటుందా? మెరక నేల ఎవరిదో, పల్లము ఎవరికి మిగిలిందో ఊరు ఏనాడో నిర్ణయించింది.

1977 తరువాత మార్పు వచ్చిందని కూడా చెప్పాలి. బందరులో తుపానును దూరమునుండి కనిపెట్టే రాడారు వచ్చింది. ఉపగ్రహము ద్వారా నేరుగా తీర గ్రామములకు హెచ్చరిక పంపే ఏర్పాటు వచ్చింది. 1990 మే 9న దాదాపు అంతే బలముగల తుపాను మళ్ళీ కృష్ణ సాగరసంగమము దగ్గరే దాటింది. ఈసారి ఆరు లక్షల మందికి పైగా ముందుగానే ఖాళీ చేయించారు. రామని మొండికేసినవారిని పోలీసులు లారీలలోకి ఎక్కించారు. వేయికి కొంచెము తక్కువ మంది చనిపోయారు. అది చిన్న సంఖ్య కాదు. కాని 1977 పక్కన పెట్టి చూస్తే, కబురు సమయానికి వచ్చి, పోవడానికి లారీ, ఉండటానికి గట్టి కప్పు ఉంటే ఎంతమంది బ్రతుకుతారో తెలుస్తుంది. 1996 నవంబరు 6న కోనసీమకు వచ్చినది వేరే రకము. వేటకు పోయిన జాలరులు సముద్రములోనే ఉండిపోయారు. భైరవపాలెము వంటి ఊళ్ళలో ఇంటికొక విధవ మిగిలిందని చెప్పుకున్నారు. కొబ్బరితోటలు వరుసలకు వరుసలు పడిపోయాయి. వేయిమందికి పైగా పోయారు. నేలమీదివానికి కబురు చేరింది గాని, పడవలో ఉన్నవానికి చేరలేదు.

ఇప్పటి సంగతి రెండు మాటలు. సముద్రానికి, ఊరికి మధ్య మడ అడవి ఉన్నచోట నీటి జోరు తగ్గుతుందని మా జాలరులకు ఏనాటినుండో తెలుసు. 1980ల చివరినుండి రొయ్యల చెరువులు వచ్చాయి. చాలాచోట్ల మడను నరికి, కాలువలు మళ్ళించి చెరువులు త్రవ్వారు. మన సంఘస్థులలో కూడా ఆ చెరువుల వలన ఇల్లు కట్టుకున్నవారు, పిల్లలను చదివించినవారు ఉన్నారు గనుక ఊరికే నిందించడము మా ఉద్దేశము కాదు. పైన నదులకు ఆనకట్టలు కట్టిన తరువాత డెల్టాకు వచ్చే ఒండ్రు బాగా తగ్గిపోయింది. నది పోయడము మానితే సముద్రము కొరకడము మొదలుపెడుతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇండ్లు, రోడ్డు కోసుకుపోవడము అందరూ చూస్తున్నదే.

చివరగా ఒక మనవి. 1977లో నీటిలో మునిగిన సంఘములలో బాప్తిస్మపు రిజిస్టర్లు, వివాహపు రిజిస్టర్లు కూడా పోయాయి. మిగిలినవాటిలో కొన్ని చెదలపాలయ్యాయి. ఆ రోజు చనిపోయిన మన సంఘస్థుల పట్టిక పూర్తిగా ఎక్కడా మాకు కనిపించలేదు. ఆనాడు ఇరవై ఏండ్లవారు ఇప్పుడు డెబ్బై దగ్గరకు వస్తున్నారు. అందుచేత తీర గ్రామములవారు తమ ఇంటిలో, పక్క ఇంటిలో ఆ శనివారము పోయినవారి పేర్లు, తండ్రి పేరు, సుమారు వయసు, ఊరు ఒక కాగితము మీద వ్రాసి తమ గురువుగారికి ఇవ్వవలసినదిగా కోరుతున్నాము. సంఘములో లేనివారివైనా, కోతలకు వచ్చిన కూలివారివైనా, పేరు తెలియక "ఫలానావారి చేలో ఉన్న మనిషి, భార్య, ఇద్దరు పిల్లలు" అని మాత్రమే తెలిసినా, అలాగే వ్రాయండి.